తిజానీ తాత మధ్యాహ్న భోజనం

రంజాన్ మొదలైతే ఈ ఊరంతా నన్ను ఇఫ్తార్‌కి పిలుస్తుందనుకున్నాను. మొదటిరోజు ఫార్మసీవాళ్ళు పిలిచారు కూడా. ఆ తర్వాత ప్రతి ఇల్లూ పక్కింటివాళ్ళు పిలిచే ఉంటారులే అనుకుంది. తిట్టుకోవడానికీ లేదు, అందరూ మంచివాళ్ళే. సిలియానా పట్నం దాటాక కొండల్లో ఉన్న ఈ ఊరి ఆసుపత్రికి ఆర్నెల్ల డాక్టరు శిక్షణకని నన్ను వేశారు. ఆసుపత్రి అంటే కింద రెండు గదులు, నర్సు మన్నూబియా, మేడమీద గదిలో నేను. మా సొంతూరు సూస్‌లో అమ్మ సాయంత్రం వీడియో కాల్ చేసి, ఫోన్‌ని నీళ్ళజగ్గుకి ఆనించి వడ్డనలో పడిపోతుంది. నాకు కనిపించేవి మావాళ్ళ మోచేతులు. వాటిని చూస్తూ గిన్నెడు షోర్బా సూప్ తాగేదాన్ని.

రెండోవారంలో తిజానీ తాతని ఇద్దరు మోసుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. భార్య పోయింది, నలుగురు కూతుళ్ళూ పెళ్ళిళ్ళై తలో ఊళ్ళో ఉన్నారు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుని ఉపవాసం ఉన్నాడు. షుగరు నలభై ఎనిమిదికి పడిపోయింది. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచి, తన ఉపవాసం చెడిందా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. చెడేది ఉపవాసం కాదు, పోయేది ప్రాణమని అరిచాను. ఇలాంటి జబ్బుంటే దేవుడే మినహాయించాడు, కావాలంటే ఇమామ్‌ని అడగమన్నాను. ఇమామ్ కూడా అదే చెప్పాడని మెల్లగా ఒప్పుకున్నాడు. నాలుగోరోజుకి మళ్ళీ మోసుకొచ్చారు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సాయంత్రం మసీదు ముంగిట్లో మగవాళ్ళంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉపవాసం విడుస్తారు. ఏడాది మొత్తంలో ఆయన నలుగురితో కలిసి తినేది ఆ ముప్పై రోజులే.

"పగలంతా తిని, ఏ మొహం పెట్టుకుని అక్కడ ఖర్జూరం అందుకోను తల్లీ?"

"ఎవరూ ఏమీ అనరు తాతా."

"అనరు. అదే కదా బాధ."

మంగళవారాల్లో నా పని చూడ్డానికి ఒక పెద్ద డాక్టరు వస్తాడు. మూడోసారి పడితే ఈ ముసలాయన మళ్ళీ లేవడని ఆయనే అన్నాడు. అని, నా శిక్షణ పుస్తకంలో 'సలహా పాటించాడా' అనే గడిలో 'నిరాకరించాడు' అని రాసి, తాత చేత సంతకం పెట్టించుకోమన్నాడు. అంటే ఆయన పోయినా తప్పు నాది కాదన్నమాట. నాకు చేతులు రాలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మర్నాడు నాకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఉపవాసం లేదు గానీ, నలుగురి ముందూ తినే ధైర్యం ఎవరికుంది? మధ్యాహ్నం మందుల బీరువా వెనక, గోడవైపు తిరిగి, రొట్టె ఆలివ్ నూనెలో ముంచుకుని దొంగలా తింటున్నాను. షుగరు చూపించుకోవడానికని తాత తలుపు తోసుకుని వచ్చాడు. నా నోటినిండా రొట్టె. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు కోపమై, అలా చూస్తూ నిలబడకుండా కూర్చోమని కసిరాను. షుగరు చూసి, ఇన్సులిన్ సూది వేసి, సగం రొట్టె తుంచి ఆయన ముందు పెట్టాను. ఆయన తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తర్వాత తిన్నాడు.

ఐదు రోజులు అలా గడిచాయి. జేబులో రెండు ఉడికించిన గుడ్లు తెచ్చేవాడు, ఒకటి నాకు. మన్నూబియా బయట కూర్చుని ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు, ఒక్క మాట అడిగేదీ కాదు. తాత తన భార్య వంటని ఆడిపోసుకునేవాడు. అన్నిట్లో ఉప్పు ఎక్కువేసేదట. ఇప్పుడేం తిన్నా చప్పగా ఉంటోందట. షుగరు దారిలో పడింది. ఈ ఊరొచ్చాక మొదటిసారి నాకూ ఆకలనేది తెలిసింది.

ఆరోరోజుకి నా మినహాయింపు అయిపోయింది. నేను తినకపోతే ఆయన తినడు. పొద్దున్నంతా రోగుల్ని చూస్తూ ఇదే ఆలోచన. చివరికి, పాపమైతే నాకే తగలనీ అనుకున్నాను. మధ్యాహ్నం రొట్టె తుంచి నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నలుగురు ఆడపిల్లల్ని పెంచినవాణ్ణి. ఇవాళ్టి నుంచి నీకు ఉపవాసం. కింద పెట్టు."

"మరి మీరో?"

పళ్ళెం తనవైపు లాక్కున్నాడు. "నేను తింటాలే. నువ్వు మాత్రం లేచి వెళ్ళిపోకు."

తలొంచుకుని మొత్తం తిన్నాడు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఆయన వెళ్ళాక ఆ గడిలో 'పాటించాడు' అని రాశాను. గర్వంగానే రాశాను.

సాయంత్రం కిటికీ తెరిచాను. ఆ ఐదు రోజులూ తెరవలేదు. ఉపవాసం లేనిదానికి ఆ సాయంత్రాల మీద హక్కేముందనిపించేది. ఎదురుగా మసీదు ముంగిట్లో బల్ల చుట్టూ అందరూ చేరారు. తాత లేడు. ఆయన చోటు ఖాళీగా కూడా లేదు, అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరిగి సర్దుకు కూర్చున్నారు. అలవాటైపోయినట్టుంది. అన్ని మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చుని, సాయంత్రాలు ఏం చేస్తున్నారని నేను ఒక్కసారైనా అడగలేదు.

ఫోన్‌లో మోచేతుల్ని అలాగే వదిలేసి, షోర్బా గిన్నె పట్టుకుని ఆయన ఉండే సందులోకి పరుగెత్తాను. తలుపు ఓరగా ఉంది. తాత గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముందు పళ్ళెంలో ఒకే ఒక్క ఖర్జూరం. మధ్యాహ్నం నా ఎదుటే కడుపునిండా తిన్న మనిషి, మసీదుకి బయల్దేరేవాడిలా ఎర్రటోపీ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అజాన్ కోసం ఎదురుచూస్తున్నాడు.