ఒంటరితనానికి ట్రాలీ

ఏలూరులో నాన్నగారి కిరాణా కొట్లో కూర్చుని శ్రీనాథ్ తన షార్ట్ ఫిల్మ్‌కి షాట్లు గీస్తున్నాడు. నోటుబుక్ అయిపోతే పొట్లాల కాగితాల మీద కూడా గీశాడు. రంగులు వెలిసిపోయినట్టుండాలి, ఆకాశం ఖాళీగా ఉండాలి. కొల్లేరు గట్టున ముసలి జాలరి ఒక్కడే నిలబడితే, కెమెరా ట్రాలీ ఎక్కి పట్టాల మీద మెల్లగా అతని దగ్గరికి జారాలి.

పెళ్ళిళ్ళకు లైట్లూ బళ్ళూ మాట్లాడిపెట్టే ఇలియాస్‌కు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్న గట్టు మీదికి ట్రాలీ కావాలండీ. కుదుపు అస్సలు ఉండకూడదు."

"సరుకేంటండీ?"

"ఒంటరితనమండీ," అన్నాడు శ్రీనాథ్ గర్వంగా.

"అదెన్ని కిలోలుంటుందండీ?"

కళంటే ఏమిటో తెలియని మనిషని శ్రీనాథ్ పళ్ళు నూరుకున్నాడు. "చాలా బరువండీ! వెళ్ళాల్సింది మాత్రం ఇరవై అడుగులే."

"ఇరవై అడుగులకి ట్రాలీ ఎందుకండీ, నలుగురం మోసేస్తాం కదా!"

ట్రాలీయే కావాలని శ్రీనాథ్ పట్టుబట్టాడు. మర్నాడు పొద్దున్నే గట్టు మీదికి ఇలియాస్ తోలుతున్న చేపల ట్రాలీ ఆటో వచ్చింది. లోడు దింపి నేరుగా వచ్చినట్టుంది, నీచునీళ్ళు కారుతున్నాయి, అడుగున చిన్న చేపలింకా మిగిలే ఉన్నాయి. శ్రీనాథ్ చిందులు తొక్కాడు. ఎండ ముదిరిపోతోందని మళ్ళీ తనే ముక్కు మూసుకుని, కెమెరాతో దాని మీదికెక్కాడు. ఆటో మెత్తగా కదిలింది. ఆ చేపల కోసం చుట్టుపక్కల చెరువుల మీది కొంగలన్నీ లేచొచ్చి, ఆకాశాన్నీ జాలరినీ కలిపి కమ్మేశాయి.

ఇరవై అడుగులు కాగానే ఇలియాస్ బండి దిగాడు.

"కుదుపు లేకుండా తెచ్చానండీ. మీ సరుకే దారిలో కొంగలెత్తుకుపోయాయి."