ఒగురా పాట

"మీరు బయటికొస్తే నేను పరుపులు తీస్తాను. ఇవాళ రోజంతా ఎండేనట," అంది సుమియె మూడోసారి. "ఆ అట్టడుగుదాన్ని మాత్రం ఎండలో కూడా వెయ్యను. సరాసరి చెత్తలోకే."

పరుపుల అరలోంచి మాట రాలేదు, బాకా మోత వచ్చింది. తమోత్సు మోకాళ్ళ మీద కూర్చుని, నడుం దాకా అరలోకి దూరి, మడతపెట్టిన పరుపుల్లోకి బాకా నోరు అదిమిపెట్టి ఊదుతున్నాడు. పక్కవాటాల వాళ్ళు వచ్చి తలుపు కొట్టకుండా పద్దెనిమిదేళ్ళ కిందట అతను కనిపెట్టిన ఉపాయం అది. మోతంతా దూది తాగేస్తుంది. బయటికి వినిపించేది దుప్పటి కింద పిల్లి మూలిగినట్టు ఉంటుంది.

"ఇంకొక్కసారి," అన్నాడు లోపల్నించి.

"ఆ మాట పద్దెనిమిదేళ్ళుగా వింటున్నా. పరుపు నిండా మీ ఉమ్మి వాసన. ఇంటికి ఎవరైనా వస్తే అది ఎలా వెయ్యను?"

"వెయ్యకు."

"దాన్ని పారేస్తే నాన్న మనింట్లో ఎక్కడుంటాడమ్మా?" అంది కూతురు చినత్సు, మందుల షాపు కోటు తొడుక్కుంటూ.

బల్ల దగ్గర ముసలావిడ తలెత్తింది. తమోత్సు తల్లికి ఎనభయ్యారేళ్ళు, సగం మాటలు వినపడవు. "ఇవాళైనా ఒగురాని ఆడిస్తారట్రా?" అని అరిచింది.

ఆ ప్రశ్నకి తమోత్సు బయటికి వచ్చాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి. పిండి తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్ళలా తయారయ్యాయి, పై భాగం మాత్రం ఎండిపోయింది. పై పెదవి మధ్యలో నాణెం అంచు వత్తినట్టు తెల్లటి గీత.

"ఆడించాలి. ఈ ఊళ్ళో ఈ ఏటికి ఆఖరి ఆట. ఒగురాకి ముప్పై ఎనిమిదేళ్ళు. వచ్చే ఏడు ఉంచుకోరని అందరికీ తెలుసు. ఆ మేనేజరుకి కాస్త బుద్ధుంటే మొదటినుంచీ దించుతాడు."

"ఆయనకి బుద్ధి లేదని మీరేగా రోజూ చెబుతున్నారు," అంది సుమియె, పరుపులు లాగుతూ.

ఉదొన్ అనే లావుపాటి గోధుమ సేమ్యా చేసే కార్ఖానాలో తమోత్సు పని తొక్కడం. పిండి ముద్దని మందపాటి ప్లాస్టిక్ పట్టాల మధ్య పెట్టి, మేజోళ్ళతో ఎక్కి, మడమతో నొక్కుతూ చుట్టూ తిరగాలి. పరుచుకున్నాక మడిచి మళ్ళీ తొక్కాలి. ముప్పై ఒక్కేళ్ళుగా అదే పని. పాట పుట్టిందీ ఆ పట్టా మీదే. పద్దెనిమిదేళ్ళ కిందట ఒగురా కొత్తగా ఊరి బేస్‌బాల్ జట్టులోకి వచ్చినప్పుడు తమోత్సు మడమలు నాలుగేసి దెబ్బల చొప్పున పదహారు దెబ్బలు వేశాయి, నోరు వాటి మీద ఒక వరస కూనిరాగం తీసింది. ప్రతి ఆటగాడికీ ఒక పాట ఉండాలన్నది, ప్రేక్షకుల మధ్య నిలబడి జట్టుని ఉత్సాహపరిచే కేకల దళం ఆనవాయితీ. తమోత్సు ఆ దళంలో బాకా ఊదేవాడు. తమోత్సు పాట ఒగురాది అయింది. కట్టినవాడి పేరు ఎక్కడా రాయరు. అయితేనేం, ఒగురా బ్యాటు పట్టినప్పుడల్లా, ఆటకి నాలుగుసార్లు, పాతికవేలమంది తమోత్సు మడమల వరస పాడేవారు. చేపలబజారులో పాడేవారు, స్నానశాలలో పాడేవారు. అతను ఎవరికీ చెప్పకుండా పక్కన నిలబడి వినేవాడు.

జూన్‌లో మేనేజరు ఇకెబె ఒగురాని కూర్చోబెట్టి, రెండో బేస్ దగ్గర మికామొ అనే కుర్రాణ్ణి నిలబెట్టాడు. అప్పటినుంచీ ఒగురా పాట వినపడటం మానేసింది.

"ఇదిగో, పేపర్లో వేశారు," అంది ఆ పొద్దున కార్ఖానాలో కజితాని. ఆమె సేమ్యా కోసే మనిషి, అరవై దాటింది. చేతులకి పిండి అంటుకుని ఉండటంతో ఆటల పేపరుని మోచేత్తో జరిపింది. "మొదటినుంచీ ఆడేది మికామొనేనట."

"ఎడమచేతి పిచర్ బంతి విసురుతుంటే మికామొనా! ఎడమచేతివాడి బంతి వాడికి కనపడి చస్తేగా! ఇకెబెకి జట్టు పేరు కొంగలు కదా అని అందర్నీ ఒంటికాలి మీద నిలబెట్టడమే వచ్చు."

"నిన్న మూడు కొట్టాడయ్యా."

"గాలికి వెళ్ళాయి."

"మొన్న రెండు."

"అవతలివాడికి జ్వరం."

కజితాని కత్తి ఆపింది. "నేనూ ఇకెబెని తిడతాను. మా ఆయనకి వడ్డిస్తూ కూడా తిడతాను. కానీ మికామొ కొడితే సంతోషిస్తాను. నువ్వు సంతోషించవు. నీ ఏడుపు వాడి మీదా, వాడి పాట మీదా?"

తమోత్సు పట్టా మీద ఇంకో చుట్టు తిరిగాడు. మడమ కాస్త గట్టిగా దిగింది. పిండి ఒకపక్కకి జారింది.

మికామొ పాట కట్టింది హినాకొ. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ముప్పై రెండేళ్ళ అమ్మాయి, దళంలో చేరి మూడేళ్ళయింది. వెండిరంగు బాకా. కమలాపండు తొనలు ఒలుచుకు తింటూ నవ్వుతూ ఉంటుంది, వంతు రాగానే చెయ్యి తుడుచుకుని, గొంతు కూడా సవరించుకోకుండా ఊదేస్తుంది. ఇవాళ పని అయ్యాక స్టేడియానికి వెళ్ళే రైల్లో ఇద్దరు బడిపిల్లలు మికామొ పాట పాడుతున్నారు. తమోత్సు ఎక్కిన బోగీలోనే వాళ్ళూ ఎక్కారు. మూడు స్టేషన్లలో ఏడుసార్లు పాడారు. అతను లెక్కపెట్టాడు.

దళంలోనూ ఒక వరస ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఊదాలో నాయకుడు నరుసె రాసి, పెద్ద డోలుకి అంటిస్తాడు. ఒకప్పుడు దాని మీద తమోత్సు పేరొక్కటే ఉండేది. రెండేళ్ళ కిందట ముందరి పన్ను ఊడి కట్టుడు పన్ను పెట్టించుకున్నాక ఊపిరి పక్కనుంచి జారిపోవడం మొదలైంది. ఇవాళ కాగితం మీద ఉన్నది ఇది: ఐదో ఇన్నింగ్స్ దాకా తమోత్సు, ఆరు నుంచి చివరిదాకా హినాకొ. అంటే ఒగురా మొదటినుంచీ ఆడితేనే తన పాట తన నోట పలుకుతుంది. ఆఖర్లో ఎవరి బదులుగానో దిగితే అది ఆమెది.

స్టేడియంలో మైకులో పేర్లు చదివారు. రెండో బేస్, మికామొ.

"ఇకెబె, ఇంటికి పో!" అని వెనక వరసలో ఒకాయన లేచాడు. "ఆఖరి రోజయినా పెద్దాయన్ని దించవా? నీకు తల్లీ తండ్రీ లేరా?"

"ఆయన మోకాళ్ళు చూశారా మావయ్యా? బంతి వచ్చేలోగా టీ పెట్టుకోవచ్చు," అన్నాడు ముందు వరసవాడు.

"మోకాళ్ళతో ఆడతారట్రా? బుర్రతో ఆడతారు!"

"అలాగైతే ఇకెబెకి అసలు ఆటే లేదు!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా తిట్టినవాడు తమోత్సు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టాడు. తర్వాత బాకా ఎత్తి, మికామొ బ్యాటు పట్టుకుని రాగానే హినాకొ కట్టిన పాట ఊదాల్సి వచ్చింది. మంచి పాట. మూడో వరసలో పైకెగిరి అక్కడే ఒక్క క్షణం నిలబడుతుంది. అలాంటిది తనకి తట్టలేదు. ఆ సంగతి వేసంగి నుంచీ అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

ఐదో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల మీదా కొంగల జట్టువాళ్ళే నిలబడ్డారు, ఒక్క దెబ్బ పడితే పరుగులే. మళ్ళీ మికామొ. పైకెగరాల్సిన చోట తమోత్సు ఎగరలేదు. పన్ను వల్ల కాదు. స్వరాన్ని కావాలనే కిందికి దించి, ఒక దెబ్బ ఆలస్యంగా ఊదాడు. పాతికవేల గొంతులు తడబడ్డాయి, సగంమంది ముందుకీ సగంమంది వెనక్కీ పోయారు. మికామొ ఒక్కసారి ప్రేక్షకుల వైపు చూశాడు. తర్వాతి బంతికి గాలిలో బ్యాటు తిప్పి, అవుటై వెళ్ళిపోయాడు.

హినాకొ కమలాపండు ఒలవడం ఆపింది.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆమె ఊదింది, మికామొ కొట్టాడు. బంతి ఎడమ మూల గోడకి తగిలింది. జనం ఒకరినొకరు కావలించుకున్నారు, ఇకెబెని తిట్టిన వెనక వరస మనిషి కూడా. తమోత్సు బాకాని పెట్టెలో పెట్టి, గొళ్ళెం వేశాడు.

"రేపు పొద్దున్నే పని," అన్నాడు నరుసెతో.

"ఆఖరాట గదా!"

"పని ఉంది."

స్టేషనుకి దిగే వాలులో ఆక్టోపస్ బోండాల బండి దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పెద్ద కేక లేచింది. బండివాడు రేడియో పెంచాడు. ఎనిమిదో ఇన్నింగ్స్, పిచర్ బదులు బ్యాటుకి ఒగురా.

కేక ఆగింది. అప్పుడు మూడు చిన్న స్వరాలు వినిపించాయి, పక్షి గింజలు పొడిచినట్టు. తర్వాత పాట.

తమోత్సు కాళ్ళు నిలిచిపోయాయి. ఆ మూడు స్వరాలూ అతను పెట్టినవే. కుర్రతనంలో ఒగురా బ్యాటు ఎత్తేముందు బూటు కొనతో మట్టిని మూడుసార్లు తట్టేవాడు, దానికోసం పెట్టాడు. పన్ను ఊడాక అవి నోటికి రావడం మానేశాయి. ఎవరూ గమనించరులే అని వదిలేశాడు. ఎవరూ అడగలేదు కూడా. హినాకొ వాటిని ఏ పాత టేపులోంచి ఏరుకుందో!

పాట అతను ఏనాడూ ఊదనంత బాగా వస్తోంది. పెట్టె పిడి మీద, బాకా మీటలు నొక్కే అతని మూడు వేళ్ళూ వాటంతటవే నొక్కుకుంటున్నాయి.

"నేలబారు బంతి. అవుట్," అన్నాడు బండివాడు. "అయినా వంగి దణ్ణం పెడుతున్నాడట. ఎన్ని కావాలండీ?"

"అక్కర్లేదు," అని తమోత్సు వాలు ఎక్కాడు.

ఆట అయ్యాక దళం డోలుని బండి మీద తోసుకుంటూ బయటి గేటు దగ్గరికి వచ్చింది. హినాకొ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఐదో ఇన్నింగ్స్‌లో తప్పు ఊదింది కావాలనే," అన్నాడు తమోత్సు.

"తెలుసండి." ఆమె బాకా చేతులు మార్చుకుంది. "ఒగురా గారి పేరు పిలవగానే నరుసె గారిని అడిగాను, వరస మార్చమని. సరేనన్నారు. మీకు ఇద్దామని తిరిగి చూశాను. మీ చోటు ఖాళీగా ఉంది."

తమోత్సు డోలు మీది కాగితం దగ్గరికి వంగాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ పక్కన తన పేరు పెన్సిలుతో కొత్తగా రాసి ఉంది, దాని మీద గీత కొట్టి ఉంది.

"ఆ మూడు స్వరాలు..." అన్నాడు.

"అవి లేకపోతే అది ఆ పాటే కాదు కదండీ," అంది హినాకొ.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. కార్ఖానాలో మిగిలిన సేమ్యా కొసలు పులుసులో ఉడుకుతున్నాయి. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"బాకా పెట్టె ఏదండీ?" అంది సుమియె.

"దళానికి ఇచ్చేశాను. వచ్చే ఏడాది నుంచి నేను ఊదను." తమోత్సు ఉల్లికాడ ముక్కని గిన్నె అంచుకి జరిపాడు. "ఊదేవాళ్ళున్నారు. నాకంటే బాగా ఊదుతారు."

చినత్సు తల్లి వంక చూసింది.

"ఒగురా ఆడాడట్రా?" అని అరిచింది ముసలావిడ.

"ఆడాడమ్మా."

"నీ పాట ఊదావా?"

"వినపడింది," అన్నాడు తమోత్సు.

సుమియె గిన్నె పక్కన పెట్టి లేచింది. వరండాలోంచి తెచ్చిన పరుపులు గది మధ్యలో ఉన్నాయి, ఇంకా ఎండ వాసన వేస్తున్నాయి. చెత్తలోకి పోవలసింది కూడా వాటి మధ్యే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఎప్పటిలాగే అర అట్టడుగున పరిచింది. రోజంతా ఎండలో పడుకుని మిగిలిన దూదంతా పొంగింది, బాకా నోరంత గుండ్రటి గుంట ఒక్కటి మాత్రం అలాగే ఉంది.