అగ్గిపుల్లంత సందు

సాయంత్రం ఆరు దాటగానే అతను ఇంటికొచ్చేవాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవాడు. మిషన్ మీద బడిపిల్లల నిక్కర్లు కుడుతున్న భార్య తల ఎత్తకుండానే అడిగేది.

"ఇవాళెంత తెచ్చావు?"

"ఒకటిన్నర మిల్లీమీటరు."

"ఎక్కడుందది?"

"నాకేం తెలుసే? నాకంటే ముందే వచ్చి ఉంటుంది, వెతుక్కో."

ఆవిడ పాత గుడ్డల బుట్ట చంకన పెట్టుకుని ఇల్లంతా కలయజూసేది. ఒకరోజు కిటికీ చట్రానికీ గోడకీ మధ్య, ఇంకోరోజు అటక కింద, కొత్త సందు కనబడేది. దాంట్లో గుడ్డపీలికలు కుక్కి, మళ్ళీ వచ్చి మిషన్ ముందు కూర్చునేది. పెళ్ళయిన పదిహేడేళ్ళుగా ఇదే వరస.

పాతకాలం కార్లని మళ్ళీ కొత్తవాటిలా చేసే షెడ్డులో డోర్లు బిగించడం అతని పని. డోరుకీ బాడీకీ మధ్య సందు చుట్టూతా ఒకేలా ఉండాలి, సరిగ్గా అగ్గిపుల్ల మందం. కొలవడానికి చెవి మీద ఎప్పుడూ ఒక పుల్ల పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి అతన్ని అందరూ అగ్గిపుల్ల అనే పిలిచేవారు. డోర్ల పని తెలిసిన ఎవర్నడిగినా చెబుతారు, సందు పోదు, జరుగుతుందంతే. కింద మూస్తే పైన తెరుచుకుంటుంది, పైన మూస్తే వెనకెక్కడో తేలుతుంది. మిగతా మేస్త్రీలు దాన్ని ఎవరి కంటా పడని మూలకి తోసేసి చేతులు దులుపుకుంటారు. అగ్గిపుల్ల ఆ రకం కాదు. అతను చెయ్యి వేస్తే సందు కారునే వదిలిపోయేది. పోయి అతని ఇంటికొచ్చేది. కారులో మిల్లీమీటరు ఇంట్లో బెత్తెడయ్యేది.

వీధిలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. కొందరిళ్ళకి చీమలొస్తాయి, కొందరిళ్ళకి చుట్టాలొస్తారు, వీళ్ళింటికి సందులొస్తాయి. వానలకి ముందు పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఖాళీ సందేదైనా ఉందామ్మా, మా గొడుగులు పెట్టుకుంటాం" అని అడిగేది కూడా. ఒకసారి అతను బిగించిన కారుని లారీ గుద్దింది. ఆ డోరు సందు మళ్ళీ తెరుచుకోగానే ఇంట్లో అలమరా వెనక సందు దానంతటదే మూసుకుపోయింది. "ఆ లారీ డ్రైవరు నాలుగు కాలాలపాటు చల్లగా ఉండాలి" అంది భార్య. అతను మాత్రం మనిషి పోయినట్టు రెండురోజులు దిగులుపడ్డాడు.

గుడ్డలతో కుక్కడానికి వీల్లేని సందు ఒకటుండేది. కొత్తకాపురంలో ఆనించి వేసుకున్న రెండు మంచాల మధ్యది. మొదట్లో చిటికెనవేలు పట్టేంత. జరిపి దగ్గరికి వేసుకుంటే తెల్లారేసరికి మళ్ళీ మామూలే. ఇప్పుడు చెయ్యి చాపినా అందనంత. ఈమధ్య ఆవిడ జరపడం మానేసింది. అతను అది గమనించలేదు. ఇనుములో వెంట్రుకవాసి తేడా పట్టేవాడికి ఇంత పెద్దది కంటికి ఆనలేదంటే కోపమొస్తుంది కానీ, జరిగింది అదే.

అలా ఉండగా షెడ్డుకి ఒక రెండు డోర్ల కారు వచ్చింది. ఏ గోదాములోనో టార్పాలిన్ కింద ముప్ఫయ్యేళ్ళు పడి ఉన్న బండి. ఇంజను విప్పి బాగు చేయడానికి వేరే చోటికి పంపారు. ఖాళీ బాడీని స్టాండ్ల మీద ఎత్తిపెట్టారు. ఎడమ డోరు వెనక సందులో బొటనవేలు సునాయాసంగా పడుతోంది. అగ్గిపుల్ల కొలిచాడు. ఇరవయ్యొకటి. మూడు మిల్లీమీటర్లు ఉండాలి. అంటే పద్దెనిమిది పోవాలి.

"నీవల్ల కాకపోతే ఇంకెవరివల్లా కాదు" అన్నాడు షెడ్డు ఓనరు.

ఆ మాట వింటే చాలు, అతనికి కడుపు నిండిపోయేది.

ఇంటికొచ్చి చెప్పాడు. మిషన్ ఆగింది.

"పద్దెనిమిదా? ఏమయ్యా, పద్దెనిమిది బెత్తెలంటే ఈ గది ఎంతుంది? నేనెక్కడ నిలబడాలి?"

"ఎక్కడో అక్కడ సర్దుకుంటుందిలే."

"అది సర్దుకోదు, సర్దుకునేది నేను." ఆవిడ దారం కొరికి ఉమ్మేసింది. "ఒక్కమాట విను. సగం ఆ బండిలోనే వదిలెయ్. మోకాళ్ళ మీద కూర్చుని ఎవడు చూస్తాడు? ఇన్నేళ్ళలో నిన్నొకటి అడిగానా?"

అడగలేదు. అది అతనికీ తెలుసు.

"సరే, సగం వదిలేస్తాను. నీ మీద ఒట్టు."

మర్నాడు మాట ప్రకారమే చేశాడు. డోరు కింద చెక్కదిమ్మ పెట్టి బరువు దానిమీద ఆపి, కీలు బోల్టులు పావుచుట్టు వదులు చేశాడు. భుజంతో ఎత్తి, బిగించి, మూసి, సందులోంచి వచ్చే వెలుతురు చూశాడు. కీలు వెనక రేకుముక్క దూర్చి మళ్ళీ చూశాడు. మధ్యాహ్నానికి సందు సగమయ్యింది. అక్కడితో ఆపి చేతులు తుడుచుకున్నాడు. ఆపడం ఎంత కష్టమైందో అతనికే తెలియాలి.

అప్పుడే రంగులేసే మేస్త్రి వచ్చి డోరు ముందు వంగాడు. నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు.

"ఏంటి అగ్గిపుల్లా, కళ్ళజోడు కొనుక్కోవలసిన వయసొచ్చిందా?" అని షెడ్డంతా వినబడేలా నవ్వాడు.

అగ్గిపుల్ల చెవులు ఎర్రబడ్డాయి. చెక్కదిమ్మ మళ్ళీ డోరు కిందికి తోశాడు. ఇంజను బరువు పడకుండా, చక్రాల మీద నిలబడకుండా బాడీకి డోరు సరిచేయకూడదని షెడ్డులో అందరికీ నేర్పింది అతనే. పైన బరువు పడితే లెక్కంతా మారిపోతుంది. సగం పనేగా అని పొద్దున పట్టించుకోలేదు. ఆ క్షణాన అది అతని బుర్రలోనే లేదు, ఇచ్చిన మాట అసలే లేదు. ఆ నవ్వు ఒక్కటే ఉంది. నాలుగున్నరకి డోరు మూశాడు. టక్. పుల్ల తీసి సందు పొడవునా పైనుంచి కిందిదాకా జరిపాడు. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా పట్టేయలేదు.

ఇల్లు చేరేసరికి గదికీ వంటగదికీ మధ్య నేల ఈ గోడనుంచి ఆ గోడదాకా విడిపోయి ఉంది. అడుగు కనబడలేదు. అవతలి ఒడ్డున, వంటగదిలో, మిషన్ పక్కన భార్య నిలబడి ఉంది.

"ఒట్టు వేశావు కదయ్యా" అంది.

అతను గుమ్మం బయట ఉన్న చెక్కపలక తెచ్చి అడ్డంగా వేయబోయాడు. బెత్తెడు చాలలేదు. పక్కింటావిడ ఇంకా పొడుగు పలక ఇచ్చింది. అదీ సరిగ్గా బెత్తెడే చాలలేదు. పెరటివైపు చుట్టి వెళ్ళబోతే సందు జరిగి అక్కడా అతని కాళ్ళ ముందుకొచ్చింది.

"పలకలెందుకు? ఆ బోల్టులు వదులు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"అయితే వెళ్ళి చేసిరా."

వెళ్ళాడు. స్పానర్ తీసుకుని బోల్టు మీద పెట్టాడు కూడా. కానీ కారు యజమాని అక్కడే ఉన్నాడు. ఆ ముసలాయన వేలిగోరుతో సందు వెంట మెల్లగా గీస్తూ, "మా నాన్న కొన్నరోజు కూడా ఇది ఇంత బాగా లేదు నాయనా" అన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. అగ్గిపుల్ల స్పానర్ని లాగుజేబులో పెట్టేసుకున్నాడు. ఒక్కసారి డోరు తెరిచి మూశాడు. టక్.

"బోల్టులు బిగుసుకుపోయాయే, కదలట్లేదు" అన్నాడు ఇంటికొచ్చి.

ఆవిడ అతని చేతులవంక చూసింది. వెళ్ళేటప్పుడు ఎంత శుభ్రంగా ఉన్నాయో అంతే శుభ్రంగా ఉన్నాయి. కంచంలో పెట్టిన అన్నం డబ్బాలో సర్ది, మూతపెట్టి, అవతలికి విసిరింది. అతను పట్టుకున్నాడు.

రెండోరోజూ అలాగే విసిరింది. "చేశావా?" అని ఒక్కమాట అడిగింది. రేపన్నాడు. మూడోరోజు విసిరింది కానీ అడగలేదు. అడగనందుకు అతనికి ప్రాణం తేలికపడింది. అంతకంటే సిగ్గుమాలిన తేలిక ఇంకొకటి ఉండదు.

నాలుగోరోజు ఇంజను వచ్చింది. గొలుసులతో దింపి బిగించారు, స్టాండ్లు తీసి కారుని చక్రాల మీద నిలబెట్టారు. ముక్కు బరువుకి బాడీ ముందుకి వంగింది, కిర్రుమంది. అందరూ చూస్తుండగానే ఎడమ డోరు వెనక సందు మళ్ళీ బొటనవేలంత తెరుచుకుంది.

"బరువు లేకుండా డోరు పెట్టావా? నువ్వా?" అన్నాడు షెడ్డు ఓనరు. తిట్టినా బాగుండేది.

రంగుల మేస్త్రి ఈసారి నవ్వను కూడా నవ్వలేదు. ముఖం తిప్పుకున్నాడు.

సంగతి అర్థమై అగ్గిపుల్ల ఇంటికి పరుగు తీశాడు. నేల అతుక్కుపోయి ఉంది. పరుగున వంటగదిలోకి వెళ్ళాడు. పొయ్యి చల్లగా ఉంది. మిషన్ లేదు, దాని కాళ్ళు పదిహేడేళ్ళు నొక్కిన నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. పెరటి తలుపు తీసి ఉంది.

పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చింది. "మధ్యాహ్నం దాకా చూసింది బాబూ. రెండు వీధుల అవతల వాళ్ళక్క ఇంట్లో ఉంటానంది. రేప్పొద్దున షెడ్డుకి పోకుండా ముందు అక్కడికి రమ్మంది. వస్తే మిషనుతో సహా తిరిగొస్తుందట. అంతే చెప్పమంది."

"వెళ్తానమ్మా, తప్పకుండా వెళ్తాను."

నిజంగానే వెళ్దామనుకున్నాడు. తెల్లారి ఆరింటికి తలదువ్వుకుని బయల్దేరాడు కూడా. వీధి చివర ఒకవైపు వదినగారి ఇల్లు, ఇంకోవైపు షెడ్డు. రంగుల మేస్త్రి ముఖం తిప్పుకోవడం గుర్తొచ్చింది. మధ్యాహ్నం ముసలాయన బండి చూడటానికి వస్తాడని గుర్తొచ్చింది. ఒక ఆలోచన తట్టింది, తన తెలివికి తనే మెచ్చుకున్నాడు. ఇంట్లో మనిషే లేనప్పుడు సందు వచ్చి ఎవర్ని విడదీస్తుంది? డోరు సరిచేసి, తలెత్తుకుని వెళ్ళి పిలుచుకొస్తే సరిపోలా?

ఈసారి ఏ తప్పూ చేయలేదు. కారు చక్రాల మీద ఉంది, రబ్బరు బీడింగు బిగించి ఉంది, ఇంజను దాని చోట ఉంది. పదకొండింటికి డోరు మూశాడు. టక్. పుల్ల చుట్టూతా తిరిగొచ్చింది. రంగుల మేస్త్రి వచ్చి భుజం తట్టాడు.

ఇంటికెళ్ళి సందు కోసం చూశాడు. గదిలో లేదు, వంటగదిలో లేదు, అటక మీద లేదు. నేలంతా తడిమి చూశాడు. సందు రాలేదు. ఇన్నేళ్ళకి తప్పించుకున్నానని గట్టిగా నవ్వుకుని వదినగారింటికి బయల్దేరాడు.

వదిన తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు.

"ఆలస్యమైంది వదినా. తను ఏదీ?"

"వెళ్ళిపోయింది మరిదీ. బట్టల ఫ్యాక్టరీలో పనుందని ఎప్పట్నుంచో పిలుస్తున్నారు, దాన్ని."

"ఎక్కడ?"

"రైల్లో పద్దెనిమిది గంటలు."

"ఎప్పుడు బయల్దేరింది?"

"పొద్దున ఆరింటినుంచీ ఇదిగో, ఈ గుమ్మంలోనే కూర్చుంది. టీ తాగవే అంటే, ఆయనొచ్చాక తాగుతానంది. పదకొండింటికి ఎవరో చెప్పినట్టు టక్కున లేచింది. 'ఇంక అందడక్కా' అంది. మిషన్ ఆటోలో వేయించుకుని వెళ్ళిపోయింది." వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడెందుకొచ్చావు నువ్వు?"

వదిన తలుపు మూసేసింది. పాత తలుపు, సరిగ్గా పడలేదు. పైన సందు ఎక్కువ, కింద తక్కువ. అతను అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే చెవి మీదనుంచి అగ్గిపుల్ల తీసి, ఆ సందులో పెట్టి చూశాడు.