మా హౌస్ వార్మింగ్

"మా మిసెస్ హౌస్‌వైఫ్ సార్" అన్నాడు వాసు, తన పోర్టు ఆఫీసు మేనేజరుతో. నేనప్పుడు ఆయన పిల్లలు ఒలకబోసిన కూల్‌డ్రింకు తుడుస్తున్నాను. లేచి, తడిచేతులతోనే నమస్కారం పెట్టాను.

నేను హౌస్‌వైఫ్‌ని కాను. రుషికొండలో ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తాను. నా జీతం లేకపోతే ఈ సీతమ్మధార ఫ్లాటుకి లోన్ వచ్చేదే కాదు. కానీ ఆ సంగతి బయటికి పొక్కకూడదు. "ఆఫీసు బాత్రూములు కడుగుతాదని సెప్పుకోమంటావేటి? నా పరువేటవుద్ది?" అంటాడు వాసు. అందుకే యూనిఫాం సంచిలో దాచి తీసుకెళ్ళి అక్కడే మార్చుకుంటాను. నా జీతానికి మాత్రం బాత్రూము కంపు కొట్టదు కాబోలు.

వన్ టౌన్‌లో అద్దెకున్నన్నాళ్ళూ హౌస్ ఓనరంటే వాసుకి ఒళ్ళు మంట. ఇవాళ తనే హౌస్ ఓనరయ్యాడు. శుభలేఖ మీద గృహప్రవేశం బదులు హౌస్ వార్మింగ్ అని ఇంగ్లీషులో వేయించాడు. ఈ 'హౌస్' ఏం మాటో గాని, అతని పక్కన చేరితే ఓనరైపోతుంది, నా దగ్గరికొస్తే అక్కడ కీపింగు, ఇక్కడ వైఫు. రెండు చోట్లా చాకిరీ ఒకటే. అక్కడే నయం, ఆదివారం సెలవిస్తారు.

మా వైపు కొత్తింట్లో పాలు ఆడపడుచే పొంగించాలి. వాసు చెల్లెలు హిమబిందు మధురవాడ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. పాలగిన్నె పొయ్యి మీదే ఉంది, ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గొణుగుతున్నారు.

అప్పుడొచ్చింది పుష్ప. నాతోనే పనిచేస్తుంది. నాకు జ్వరమొచ్చినప్పుడల్లా నా ఫ్లోరు కూడా తనే తుడిచి, సూపర్‌వైజరుకి చెప్పకుండా కడుపులో దాచుకున్న మనిషి. పసుపూ కుంకుమా, జాకెట్టు ముక్కా తెచ్చింది.

"బేగొచ్చీసేవు తల్లీ! వాచ్‌మేన్ పంపిన మనిసివి నువ్వే గదా? సుట్టాలొచ్చేత్తన్నారు, ఆ బాత్రూమ్ ఓపాలి కడిగీ" అంటూ మా అత్త చిలకమ్మ ఆమె చేతిలో చీపురు పెట్టింది.

అత్తకి తెలియదు, సరే. వాసుకి తెలుసు. వన్ టౌన్‌లో మా ఇంటికి పుష్ప ఎన్నిసార్లు రాలేదు, అతనికి 'అన్నయ్యా' అంటూ ఎన్నిసార్లు టీ అందించలేదు! నేనతని కళ్ళలోకి చూశాను. వాసు చప్పున మేనేజరు వైపు తిరిగి, "పనిమనిషి సార్" అన్నాడు.

పుష్ప ఒక్కసారి నా మొహం చూసింది. నా కాపురంలో గొడవెందుకనుకుందో ఏమో, కొంగు దోపుకుంది.

నాకు ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నాళ్ళూ నన్ను దాచమంటే దాచుకున్నాను, సిగ్గు లేక. ఇప్పుడు పుష్పని కూడానా? వెళ్ళి ఆ చీపురు లాక్కున్నాను.

"పుష్పా, కాళ్ళు కడుక్కుని రా. పాలు నువ్వు పొంగించు."

"ఓలమ్మోలమ్మ!" అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఆడపడుసుండగా పనిమనిసి సేత పాలు పొంగిత్తావేటే?"

"పనిమనిసి కాదత్తా, మీ అబ్బాయిని అన్నయ్యా అని పిలుత్తాది. అంటే నాకు ఆడపడుసే" అని, మేనేజరుకి కూడా వినబడేలా గొంతు పెంచాను. "ఇద్దరం రుషికొండలో ఆఫీసు బాత్రూములు కడుగుతాం. ఈ ఫ్లాటు అలాగే వచ్చింది."

మేనేజరు వాసు వైపు తిరిగి చూశారు. పంతులుగారే ముందు తేరుకుని, "ఎవరో ఒకరు వెలిగించండమ్మా" అన్నారు. పుష్ప పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి.

వాసు నన్ను వంటింటి మూలకి లాగాడు. పళ్ళు కొరుకుతూ, "నా మొగం ఎక్కడెట్టుకోవాల? రేపట్నించి ఆ ఉద్యోగం మానేత్తన్నావ్" అన్నాడు.

"మాన్ను" అన్నాను. చీపురింకా నా చేతిలోనే ఉంది. అతని చేతికిచ్చాను. "బాత్రూమ్ కడగాలంటంది మీ అమ్మ. ఇల్లు మీది, సుట్టాలు మీవోళ్ళు. ఎల్లి కడగండి."