తలుపుకి ఆనించిన చీపురు

మా హియుమా దీవిలో ఇళ్ళకి తాళాలు వెయ్యం. బయటికి వెళ్ళేటప్పుడు చీపురు తలుపుకి ఆనించి పోతాం. ఇంట్లో ఎవరూ లేరని దానర్థం. అది చూశాక తలుపు తట్టేవాళ్ళు, కిటికీలోంచి తొంగి చూసేవాళ్ళు మా దగ్గర ఉండరు. సైకిలు ప్రయాణం మొదలుపెట్టిన రోజే ఇల్మార్‌కి ఈ సంగతి చెప్పాను. మంచినీళ్ళ కోసమని చీపురున్న తలుపు బాదబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి మరీ చెప్పాను.

ఇల్మార్‌ది సముద్రం అవతలి తార్తు పట్నం. పియానోలు శ్రుతి చేస్తాడు. యాభై దాటాక మా ఇద్దరికీ పెళ్ళి మీదికి మనసు పోయింది. దీవి వదిలి రానని నేను ముందే తేల్చి చెప్పాను. అతను ఇక్కడ ఉండగలడో లేదో చూసుకోవడానికే ఈ ప్రయాణం. దీవంతా తిరిగి, పడమటి కొసన మా బాబాయి చేపల వేట కోసం కట్టుకున్న చెక్క గుడిసెలో కొన్నాళ్ళు ఉండాలనుకున్నాం. అక్కడ కరెంటు లేదు. నీళ్ళు బావిలోంచి తోడుకోవాలి.

ఇల్మార్ సైకిలు తొక్కడు, ఊరేగుతాడు. పొద కనిపిస్తే ఆగుతాడు, కొంగ కనిపిస్తే ఆగుతాడు. రేవు దారీ గుడిసె దారీ చీలే చోట మళ్ళీ ఆగి, చలికాలంలో ఇక్కడ ఏం తోస్తుందని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంత భయంగా ఉంటే అదిగో రేవు. సాయంత్రం పడవ ఉంది. ఉండాలనుంటే గుడిసెకి రా" అన్నాను.

జవాబు కోసం ఆగలేదు. వెనక్కి చూస్తే పరువు పోతుందన్నట్టు తొక్కుకుంటూ వచ్చేశాను.

గుడిసె నిండా ఏడాది దుమ్ము. కోపంతో ఉన్న మనిషికి అంతకన్నా మంచి పని దొరకదు. వాకిలి మెట్టు దాకా ఊడ్చి పారేశాను. సైకిలు కట్టెల కొట్టంలో పెట్టి, కట్టెలు తీసుకుని ఆ పక్క తలుపులోంచే లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడికాయి. పొగబెట్టిన చేప, నల్ల రొట్టె బల్ల మీద సర్దాను. తిట్టుకుంటూనే రెండు పళ్ళేలు పెట్టాను.

అతను రాలేదు. పడవ వెళ్ళిపోయే వేళా దాటింది. రాత్రి పదింటి దాకా ఉండే మా జూన్ ఎండ ఇంకా తగ్గలేదు కానీ దుంపలు మాత్రం చల్లారిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఈ నోటితో ఇంకెవరిని నిలుపుకుంటానని నన్ను నేనే తిట్టుకున్నాను. మొహం కడుక్కోవడానికి నీళ్ళు తోడుకుందామని ముందు తలుపు తీశాను.

చీపురు దబ్బున నా కాళ్ళ మీద పడింది.

ఊడ్చడం అయ్యాక దాన్ని తలుపుకి ఆనించింది నేనే. చెయ్యి అలవాటు కొద్దీ చేసిన పని. అతను వచ్చి, ఇది చూసి వెళ్ళిపోయి ఉంటే? చెప్పుల్లేకుండానే దారి మొదటికి పరుగెత్తాను.

రోడ్డు పక్కన, ఒకప్పుడు పాల క్యాన్లు పెట్టే చెక్క అరుగు మీద ఇల్మార్ కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు. ఎప్పుడొచ్చావని అడిగితే, వచ్చి చాలాసేపైందన్నాడు. తలుపు దాకా వచ్చి చీపురు చూసి వెనక్కి వచ్చేశాడట.

"పొయ్యి పొగ కనిపించలేదా?"

"కనిపించింది. ఇంట్లో ఉండి కూడా చీపురు పెట్టావంటే, నాకు మాత్రం నువ్వు లేవన్నమాట అనుకున్నాను."

"మరి రేవుకి పోలేదేం?"

"చీపురుంటే మనిషి లేదని చెప్పావు. తిరిగి రాదని చెప్పలేదుగా." అరుగు దిగుతూ నెమ్మదిగా అన్నాడు, "అయినా హెల్వే, వెళ్ళిపోయేవాడికి చలికాలంతో పనేముంది? ఉండేవాడే కదా అడిగేది."

సిగ్గేసింది, దానికి రెండింతలు సంతోషమేసింది. ఆకలేస్తోందా అని మాత్రం అడిగాను. చల్లారిన దుంపలు వంక పెట్టకుండా తిన్నాడు.

మర్నాడు పొద్దున సముద్రం వైపు బయల్దేరాం. తొందరలో నేను అప్పుడే సైకిలెక్కేశాను. ఇల్మార్ వెనక్కి వెళ్ళి, మూలనున్న చీపురు తెచ్చి, జారిపోకుండా చూసి తలుపుకి ఆనించాడు.

"ఇప్పుడు నిజంగానే మనింట్లో ఎవరూ లేరు" అన్నాడు.

మనిల్లు అన్నాడు. ఆ రోజు కనిపించిన ప్రతి కొంగ దగ్గరా నేనూ ఆగాను.