నాయన అడిగిన బ్రెడ్డు

ఫోన్ మోగేసరికి మోహన్‌కృష్ణ చేతులు మోచేతుల దాకా మైదాలో ఉన్నాయి. భుజంతోనే ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకున్నాడు.

"ఒరే మోహనా..." అర్ధవీడు నుంచి అక్క రేణుక. "నాయన నీ బ్రెడ్డు తెమ్మంటన్నాడురా."

"ఏందీ?"

"బ్రెడ్డురా. నీ బేకరీలో బ్రెడ్డు. నువ్వే తేవాలంట. ఇంకోళ్ల చేత పంపొద్దన్నాడు."

"నాయనా? మన నాయనేనా?"

"ఇప్పుడే అన్నాడు. తొందరగా రా." ఏడుపు ఆగక ఫోన్ పెట్టేసింది.

అది సంతోషంతో వచ్చిన ఏడుపే అనుకున్నాడు మోహన్‌కృష్ణ. అతను మాత్రం ఇంకేమనుకుంటాడు? ఈ మాట కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

గిద్దలూరు బస్టాండు పక్కన ఈ బేకరీ పెట్టడానికి మందలో తన వాటా గొర్రెల్ని అమ్మేశాడు. మొదటి రోజు ఓవెన్‌లోంచి తీసిన మొదటి బ్రెడ్డును కాగితంలో చుట్టి తండ్రికి తీసుకెళ్లాడు. లింగయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక ముక్క తుంచి కుక్కకు వేశాడు. కుక్క వాసన చూసి పక్కకు పోయింది.

"చూసినావా? కుక్కకే పట్టలేదు," అని నవ్వాడు లింగయ్య. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. "జొన్నరొట్టె తిని కొండెక్కే వంశంరా మనది. బ్రెడ్డు ఎవురు తింటారు? జరమొచ్చినోళ్లు తింటారు. నేను మంచాన పడినప్పుడు తెద్దువులే, పో!"

ఆ తర్వాత తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. మోహన్‌కృష్ణ ఊరికి పోయిన ప్రతిసారీ లింగయ్య కర్ర పుచ్చుకుని మంద దగ్గరికి వెళ్లిపోయేవాడు.

బ్రెడ్డు గురించి లింగయ్య చెప్పింది ఆ ఊళ్లలో అందరి మాటే. ఒళ్లు బాగున్న ఇంటికి ఎవరూ బ్రెడ్డు పట్టుకుపోరు. కంభం బస్సులో ఎవరి చేతిలోనైనా ఆ ప్యాకెట్ కనిపిస్తే చాలు, "ఎవురికి బాగలేదు?" అని పక్క సీటువాళ్లు అడుగుతారు. మోహన్‌కృష్ణకు ఇది తెలియంది కాదు. కానీ పొద్దున్నే బన్ను టీలో ముంచుకుని తినే జనానికి మూడేళ్లుగా అమ్ముతున్నాడు. అతని లెక్కలో ఇప్పుడు బ్రెడ్డంటే తిండి. నాయన తన తిండి అడిగాడు. అంతవరకే అర్థమైంది.

"అన్నా! నాయన బ్రెడ్డు అడిగినాడంట!" అని లోపలికి కేకేశాడు.

ఓవెన్ ముందు నిలబడ్డ ఏసురత్నం వెనక్కి తిరిగాడు. బేకరీ పెట్టినప్పటి నుంచి అతనే పెద్ద పనివాడు. "శుభం. అల్మారాలో వేడివేడివి ఉండాయి. రెండు తీస్కొని బండెక్కు."

"అవి తీస్కపోతే మళ్లా కుక్కకేస్తాడు. జొన్నపిండితో చేద్దాం."

"జొన్నపిండి పొంగుతుందా మోహనా? నీకు నేను చెప్పాల్నా?"

"సగం మైదా కలుపుదాం. ఆయన నోటికి ఏది రుచో అదే పడాల ఇయ్యాల."

"పెండ్లికూతుర్ని కూడా ఇంత ముస్తాబు చెయ్యరు. రమ్మన్నప్పుడు పోవాలబ్బా," అంటూనే ఏసురత్నం జొన్నపిండి కోసం పక్క దుకాణానికి మనిషిని పంపాడు.

మొదటి బ్రెడ్డు నడుమ కుంగిపోయింది. పైన ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. ఏసురత్నం వేలితో తట్టి చూసి, "ఇది బ్రెడ్డు కాదు, గోడకు పనికొస్తాది," అన్నాడు. మోహన్‌కృష్ణ నవ్వలేదు. మైదా పెంచి, ఈస్టు పెంచి మళ్లీ కలిపాడు. తడిగుడ్డ కప్పి దాని ముందే కూర్చున్నాడు. తొందరపెడితే పిండి మాట వినదు. పొంగాల్సినప్పుడే పొంగుతుంది.

రేణుక మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి చాలా చిన్నగా మాట్లాడింది.

"బయల్దేరినావా?"

"పిండి పొంగుతాంది అక్కా. నాయనకు చెప్పు, జొన్నది చేస్తాండానని."



"ఏదైనా ఒకటేరా. నువ్వు రా."

"వస్తన్నా, వస్తన్నా. ఏంది అంత చిన్నగా మాట్లాడతాండావు? పక్కనే ఉండాడా?"

"ఆఁ. పక్కనే ఉండాడు."

నాయన పక్కనుండి తొందరపెడుతున్నాడనుకుని మోహన్‌కృష్ణ మురిసిపోయాడు.

రెండో బ్రెడ్డు పొంగింది. పైన లేత గోధుమరంగు, కోస్తే లోపల జొన్నరొట్టె వాసన. ఏసురత్నం అంచు తుంచి నోట్లో వేసుకుని తల ఊపాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. వేడి బ్రెడ్డును కొత్త తువ్వాలులో చుట్టి, చొక్కా లోపల కడుపుకు ఆనించుకుని బండి తీశాడు. ఆ వెచ్చదనం కంభం దాకా ఉంది. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ముందు ఏమీ చెప్పకూడదు. తినేదాకా ఆగాలి. "ఎవురు చేసినార్రా రొట్టె?" అని నాయన అడగాలి. అప్పుడు చెప్పాలి.

ఊరి మొదట్లోనే గొర్రెల అరుపులు వినిపించాయి.

బండి దానంతటదే నెమ్మదించింది. ఆ అరుపులు కొండ వైపు నుంచి రావడం లేదు. ఇంటి వెనక దొడ్డిలోంచి వస్తున్నాయి. ఎండ ఇంత ఎక్కినా మంద మేతకు పోలేదు. వానొచ్చినా, పెళ్లున్నా, తనకు జ్వరమొచ్చినా సరే, లింగయ్య బతికి ఉండగా ఆ దొడ్డి తలుపు పొద్దెక్కేదాకా మూసి ఉండటం మోహన్‌కృష్ణ ఎరగడు.

వాకిట్లో నిప్పు రాజేసి ఉంది. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. లింగయ్యను నేల మీద పడుకోబెట్టారు. తల దగ్గర తల్లి మాలకొండమ్మ కూర్చుని ఉంది.

మోహన్‌కృష్ణ అక్క వైపు తిరిగాడు. "చెప్పలేదేందక్కా? ఒక్క మాట చెప్పలేదేంది?"

"బ్రెడ్డు తెమ్మన్నాడని చెప్పినా కదరా!" రేణుక గుండెలు బాదుకుంది. "నాయన బ్రెడ్డు అడిగినాడంటే ఇంకేం చెప్పాలిరా నీకు? ఊపిరున్న మనిషి పక్కన కూసోని పోతన్నాడని ఎట్ల చెప్పేది?"

అతను చొక్కా లోపలి నుంచి తువ్వాలు తీశాడు. ఏం చేయాలో తెలియక తల్లి ముందు పెట్టాడు. మాలకొండమ్మ మడతలు విప్పి వాసన చూసింది.

"జొన్నది," అంది.

"ఆయనకు ఇష్టమని చేసినానమ్మా. అందుకే ఆలస్యమైంది."

తల్లి అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"జొన్నరొట్టె కావాలంటే నన్ను అడగడా నాయనా? పొయ్యి కాడ నేను లేనా?" అంది. "నిన్ను అడిగినాడంటే నీదే కావాల. ఆ తెల్ల బ్రెడ్డే. పొద్దున్నించీ తల వాకిలి వైపే పెట్టుకున్నాడు. పాలు తాగిస్తే ఉమ్మేసినాడు. 'వాడొచ్చినాక తింటాలే' అన్నాడు."

అల్మారాలో వేడివేడివి ఉండాయని ఏసురత్నం అన్నది పొద్దున ఎనిమిదికి.

మర్నాడు పాడె లేచింది. ఊరు దాటాక, శ్మశానానికి సగం దారిలో, దింపుడు కళ్లం దగ్గర మోసేవాళ్లు పాడెను నేలకు దించారు. ఎవరు పోయినా అక్కడ చేసేదే. పోయాడనుకున్న మనిషి కొడుకు పిలుపు విని లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలిపిస్తారు. లేవరని అందరికీ తెలుసు. అయినా పిలిపిస్తారు.

చిన్నాయన అంకన్న అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. "పిలువు."

మోహన్‌కృష్ణ వంగి చెవి దగ్గర నోరు పెట్టాడు. "నాయనా."

కాస్త ఆగారు.

"ఇంకోసారి."

"నాయనా... నేనే. మోహనను. వచ్చినా."

గాలికి పాడె మీది గుడ్డ అంచు కదిలింది. అందరూ అటే చూశారు. మళ్లీ తలలు దించుకున్నారు.

"మూడోది పిలువు. ఎండ ముదురుతాంది," అన్నాడు అంకన్న.

అతను పిలవలేదు. మూడోసారి పిలిస్తే పాడె ఎత్తేస్తారు. పిలవనంతసేపూ నాయన ఈ నేల మీదే ఉంటాడు. ఇంకా పిలుపు కోసం కాచుకుని ఉంటాడు.

మోసేవాళ్లు భుజం మీది తువ్వాళ్లు సర్దుకున్నారు. "పిలువు నాయనా," అన్నాడు అంకన్న మళ్లీ.

మోహన్‌కృష్ణ తండ్రి చెవి దగ్గర అలాగే వంగి ఉన్నాడు. పెదవులు మాత్రం విప్పలేదు.