ఎడమ కార్బ్యురేటరు

ఆ ఉదయం పుంగనూరులో పాల లారీ ఒకటి దారికి అడ్డంగా ఆగకపోయి ఉంటే, ఆదెప్ప ఎక్కిన మదనపల్లె బస్సు పాత ఇనుము కొట్టు ముందు పది నిమిషాలు నిలబడేది కాదు. నిలబడకపోతే కిటికీలోంచి అతడు ఆ నంబరు పలకను చూసేవాడు కాదు. 2004 ఫిబ్రవరి అది. తుప్పుపట్టిన మంచం కోళ్లకూ, వంగిపోయిన సైకిల్ చక్రాలకూ అడుగున, రెండు సిలిండర్ల మోటారుసైకిలు ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. పలక మీద మొదటి రెండంకెలు చెరిగిపోయినా, మిగిలిన రెండూ చాలు అతడికి. పన్నెండేళ్లుగా ఆ నంబరు తలచుకోని దినం లేదు.

బస్సు దిగాడు. కొట్టువాడు తలెత్తకుండానే చెప్పాడు: "కుప్పంలో ఎవరో లైన్‌మన్ ఇల్లు కట్టుకుంటా పాత షెడ్డు పీకేసినాడంటప్పా. రేకులతోపాటు ఇదీ వచ్చింది. నీకెందుకు, ఇది కదల్దు."

సాయంత్రానికి ఆ బండి లగేజీ ఆటోలో మదనపల్లె చేరింది. వాకిట్లో నిలబడి చూసిన భార్య శాంతకుమారికి అదేమిటో చెప్పనక్కరలేకపోయింది.

"యాల తెచ్చినావయ్యా ఈ పీడని? ఏడాదికోసారి కుప్పం పొయ్యొచ్చేది సాల్లేదా? ఇప్పుడు ఇంట్లోనే పెట్టుకొని సూస్తా ఏడస్తావా?"

"ఒక్కసారి స్టార్ట్ చేస్తానే. మునికృష్ణ పోయిన దినానికి ఆ గుమ్మం ముందర ఒక్కసారి మోగించి, ఆడే వాళ్లకిచ్చేసి వస్తా."

ఆమె పెరట్లో కట్టెలు పేర్చుకొనే చోటు ఖాళీ చేసి ఇచ్చింది.

పన్నెండేళ్ల క్రితం పుంగనూరు బస్టాండు వెనక వీధిలో ఆదెప్పకు ఒక రేకుల షెడ్డు ఉండేది. మెకానిక్కులు చాలామందే ఉన్నా, జంట కార్బ్యురేటర్ల బండి అయితే చుట్టుపక్కల ఊళ్లన్నీ అతడి దగ్గరికే వచ్చేవి. అలాంటి బండిలో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కార్బ్యురేటరు. రెండూ ఒకే కొలతలో గాలినీ పెట్రోలునూ కలిపి అందించాలి. ఒకటి వెనకబడితే రెండవది దాని బరువు కూడా మోసి వేడెక్కుతుంది. ఆదెప్ప రెండింటి నోళ్లలోనూ చెరొక వేలు ఉంచి, ఎక్సలేటరు తిప్పించి, లోపలి తలుపులు రెండూ ఒకే క్షణాన లేస్తున్నాయో లేదో వేళ్లతోనే చూసేవాడు. ఆ తరువాత సైలెన్సర్ల వెనక రెండు అరచేతులూ పట్టి, పొగ దెబ్బలు సమంగా తగిలేదాకా స్క్రూలు సవరించేవాడు. పని ముగిశాక, కార్బ్యురేటర్ల కింది పెట్రోలు గిన్నెల స్క్రూల మీద ఒక్కొక్క ఎర్ర చుక్క పెట్టేవాడు. అది శాంతకుమారి గోళ్ల రంగు. ఆ చుక్క పగిలి ఉంటే, తన తరువాత ఎవరో విప్పినట్లు లెక్క.

"నా గోళ్లకు లేని సింగారం ఊళ్లో బండ్లకు చేస్తాండాడు మా ఆయన," అని ఆమె ఇరుగుపొరుగుతో ఎకసెక్కం ఆడేది.

లక్ష్మీపతి అప్పట్లో పుంగనూరులో టెలిఫోన్ లైన్‌మన్. సొంత ఊరు కుప్పం. తీరిక దొరికితే ఆదెప్ప షెడ్డులోనే కూర్చునేవాడు. తీగలు చుట్టే అలవాటు కొద్దీ చేతికి దొరికిన రాగి పోగునల్లా మెలికపెట్టి విసిరేసేవాడు. తన జంట కార్బ్యురేటర్ల బండి మీద అతడి ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే.

"ఏమప్పా ఆదెప్పా, ఇది బండా, కల్లుకుండా? ఎంత పోసినా తాగతాండాది. జెట్టులో ఒక పోగు పెట్టప్పా, కాస్త తగ్గించి తాగతాది."

జెట్టు అంటే గిన్నె లోపల ఉండే ఇత్తడి ముక్క. దాని సన్నని రంధ్రంగుండానే పెట్రోలు పైకి వెళుతుంది. ఆ రంధ్రంలో రాగి పోగు దూర్చి మైలేజీ పెంచుకోవడం ఆ రోజుల్లో ఊరంతా చేసే పనే.

"చిన్న బండ్లకు పెట్టుకుంటారులే. దీనికి పెడితే పెట్రోలు సాలక పిస్టన్ కాలి పట్టేస్తాది. వెనక చక్రం నిలబడిపోతాది. పెట్టను, నువ్వూ పెట్టొద్దు."

"సరేలేప్పా, నీ బండి కాదు కదా, నీకెందుకు కడుపుమంట!" అని నవ్వి బండి తీసుకుపోయాడు లక్ష్మీపతి. అది గురువారం. ఆదివారంనాడు అతడి తమ్ముడు మునికృష్ణ, ఇరవైరెండేళ్లవాడు, అదే బండి మీద కుప్పం బయలుదేరాడు. వి.కోట దాటాక ఇంజిను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకొని బండి రోడ్డుకు అడ్డంగా జారింది. ఎదురుగా వస్తున్న లారీ ఆగడానికి చోటు లేకపోయింది.

పదకొండో రోజున లక్ష్మీపతి గుండు తలతో షెడ్డుకు వచ్చాడు. "పిస్టన్ పట్టేసినాదప్పా," అని మాత్రమే అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది ఆదెప్పకు. ఆ గురువారం అతడు రెండు బండ్ల జెట్లను ఒకే కిరసనాయిలు డబ్బాలో కడిగాడు. రెండవది చిన్న బండి. దాని జెట్టు రంధ్రం సన్ననిది. ప్రమాదం విన్న గంట నుంచీ అతడి మనసు ఆ డబ్బా దగ్గరే తిరుగుతోంది. "రెండు బండ్లవీ కలిసిపోయినాయేమోప్పా," అన్నాడు. "చిన్నది తీసి దీనికి పెట్టేసినానేమో. నా చేతులు ఇరిగిపోనీ!"

లక్ష్మీపతి అతడి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేప్పా. కావాలని చేసినావా? పోలీసోళ్లకు స్పీడని చెప్పేసినా. నీ పేరు ఎవురి దగ్గరా తియ్యను. మా అమ్మకొక్కదానికే చెప్తా, ఆమె దగ్గర దాచలేను."

ఆ దయ ఆదెప్పను తిట్టుకన్నా లోతుగా కోసింది. నెల తిరిగేసరికి షెడ్డు మూసి, మదనపల్లెకు మారి, ఒక స్పేర్ పార్టుల అంగట్లో కౌంటరు వెనక నిలబడ్డాడు. జెట్లు అమ్మేవాడు, ఒక్కటి కూడా బిగించేవాడు కాదు. ప్రతి ఆషాఢంలో కుప్పం నుంచి కార్డు వచ్చేది. మునికృష్ణ దినానికి వెళ్లి, ఆ తల్లి వెంకటలక్ష్మమ్మ కాళ్లకు మొక్కి, అందరూ తిన్నాక వసారాలో ఒక మూల ఆకు ముందు కూర్చునేవాడు. ఆమె ప్రతిసారీ అతడి తల నిమిరేది. "పోయినోడు పోయినాడు. నువ్వూ నాకు కొడుకేలేప్పా," అనేది. ఆ మాట కోసమే అతడు వెళ్లేవాడు.

బండికి నాలుగు నెలల ఆదివారాలు పట్టాయి. సిలిండర్లు తొలిపించాడు, కొత్త పిస్టన్లు వేశాడు, ట్యాంకుకు సొట్టలు తీయించి రంగు కొట్టించాడు. కార్బ్యురేటర్లను మాత్రం విప్పిన నాడే పాత పంచె ముక్కలో చుట్టి గూట్లో పెట్టేశాడు. జెట్టు మీద దాని కొలత అంకెల్లో చెక్కి ఉంటుంది. కంపెనీ అంకె ఉంటే అతడి చెయ్యి నిర్దోషి. చిన్న అంకె ఉంటే, పన్నెండేళ్ల అనుమానం ఇక అనుమానం కాదు. తక్కిన పనులన్నీ అయిపోయి, వాయిదాకు సాకు మిగలని ఆదివారం ఉదయం శాంతకుమారే ఆ మూటను తెచ్చి ముందు పెట్టింది.

"ఏదో ఒకటి తేలిపోనీయ్యయ్యా," అంది.

ముందు కుడిదాన్ని పట్టుకున్నాడు. ఎర్ర చుక్కలు లేవు. స్క్రూల తలలు పటకారుతో కొరికినట్లున్నాయి. పోలీసులు విప్పి ఉంటారనుకున్నాడు. గిన్నె తీసి, జెట్టు ఊడదీసి, వెలుతురులో తిప్పి చూశాడు. కంపెనీ అంకె.

"కుడిది సరిగ్గా ఉండాది," అన్నాడు. సగం బరువు దిగింది. మిగిలిన సగం రెట్టింపయింది.

ఎడమదాని స్క్రూల తలలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. ఎవరో పట్టుపట్టి తిప్పబోయి, తిరగక వదిలేశారు. ఒక స్క్రూ అంచున ఎర్ర రంగు పెచ్చు ఇంకా అంటుకొని ఉంది. రెండు రోజులు డీజిల్లో నానబెట్టి, సన్న ఉలితో తట్టి తట్టి బుధవారం సాయంత్రానికి గిన్నె ఊడదీశాడు. జెట్టును పంచె అంచుతో తుడిచాడు.

కంపెనీ అంకె.

శాంతకుమారి గడప మీద కూర్చుని ఏడ్చేసింది. అతడు మాత్రం ఏడవలేదు. అలవాటు కొద్దీ జెట్టును కంటికి ఆనించి ఆకాశం వైపు చూశాడు. రంధ్రంలోంచి వెలుతురు సరిగ్గా రాలేదు. సూదితో తట్టగా పచ్చగా చిలుమెక్కిన రాగి పోగు ఒకటి బయటికి జారింది. జారిపోకుండా దాని కొస చక్కగా మెలిపెట్టి ఉంది. ఆ మెలికలు ఒకప్పుడు తన షెడ్డు నేల మీంచి రోజుకు పది ఊడ్చేవాడు. కుడి జెట్టును మళ్లీ తీసి చూస్తే, దాని నోటి అంచున తీగ లాగిన గీత సన్నగా మెరిసింది.

అప్పుడు ఒకదాని వెనక ఒకటిగా అన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. పోగులు పెట్టింది ఎవరో తెలిసింది. ప్రమాదం తరువాత కుడిదాన్ని విప్పి పోగు లాగేసినవాడూ అతడే. ప్రమాదంలో దెబ్బతిన్న ఎడమదాని స్క్రూలు మొరాయించడంతో బండినే షెడ్డులో దాచాడు. కాబట్టి తెలియక జరిగింది కాదు. తెలిసినవాడే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తాను చేసినదానికి తానే ఇంకొకరిని క్షమించాడు. ఆ క్షమను ఆదెప్ప పన్నెండేళ్లు కళ్లకద్దుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తావు?" అంది శాంతకుమారి.

"బండి ట్యూను చేస్తా."

జెట్లు శుభ్రం చేసి బిగించాడు. రెండు నోళ్లలో చెరొక వేలూ ఉంచి ఆమె చేత ఎక్సలేటరు తిప్పించాడు. ఎడమ తలుపు వెంట్రుకవాసి ఆలస్యంగా లేస్తోంది, కేబులు సవరించాడు. కిక్కు కొట్టి, వెనకకు వెళ్లి, పొగలో రెండు అరచేతులూ పట్టాడు. పన్నెండేళ్లు పని మానిన చేతులు మరచిపోయి ఉంటాయని భయపడ్డాడు. మరచిపోలేదు. పావు మలుపు, మరొక పావు. రెండు దెబ్బలూ ఒకే బరువుతో చేతులకు తగిలాయి. అరగంట అలాగే కూర్చున్నాడు.

మునికృష్ణ దినానికి ఆ బండి మీదే కుప్పం వెళ్లాడు. చప్పుడు వీధి మలుపులోనే ఇంట్లోవాళ్లకు తెలిసిపోయినట్లుంది. లక్ష్మీపతి అప్పటికే కొత్త ఇంటి మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"దీన్ని యాడ పట్టినావప్పా? ఇనుముకు ఏసేసినాను కదా!"

"ఏసే ముందర ఎడమది కూడా విప్పాల్సింది లక్ష్మీపతీ."

ఆదెప్ప కాగితం పొట్లం విప్పి చూపించాడు. లక్ష్మీపతి ఆ పోగును చూశాడు గానీ అదేమిటని అడగలేదు. ఆదెప్పకు అందిన మొదటి జవాబు అదే.

"మెల్లగా మాట్లాడు. లోపల సుట్టాలుండారు."

"కుడిదాంట్లోది ఎప్పుడు తీసినావు?"

"పదో దినం."

"పద్కొండో దినం నా షెడ్డుకు వచ్చి నా భుజం మింద చెయ్యేసినావు."

"చెప్పేద్దామనే వచ్చినానప్పా, మా అమ్మ తోడు! నోరు తెరిసే లోపలే నువ్వు జెట్లు కలిసిపోయినాయేమో అంటివి. కాదు, నా పని సరిగ్గా ఉండాదని ఒక్క మాట గట్టిగా అనుంటే నేను చెప్పేసుందును. నువ్వే ఒప్పుకుంటివి కదా!"

అతడి గొంతులో నిజమైన నిష్ఠూరం ఉంది. ఇన్నేళ్లలో ఆ లెక్కను తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకొని నమ్మినవాడి నిష్ఠూరం.

"మీ అమ్మకు చెప్పు," అన్నాడు ఆదెప్ప. "ఇప్పుడే. నా ముందర. అంతకంటే నాకేమీ వద్దు."

"ఆమె తట్టుకోలేదప్పా."

వెంకటలక్ష్మమ్మ గడప దాటి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గోడ పట్టుకొని నడుస్తోంది. బండి ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఆదెప్ప ఆగలేకపోయాడు. ఆమె అరచేయి తెరిచి అందులో పోగును ఉంచాడు.

"అమ్మా, నా చేతిలో తప్పు లేదమ్మా. ఇది..."

"తెలుసప్పా," అంది ఆమె.

లక్ష్మీపతి తలెత్తి తల్లిని చూశాడు. ఆ సంగతి అతడికీ కొత్తదే.

"పదో దినం మద్యాన్నం సుట్టాలంతా నిద్రపోతాంటే, వీడు ఆ కొట్టంలో కూసోని ఏడస్తా స్క్రూలు పీకతాండె. కిటికీలోంచి సూసినా. మర్నాడు వచ్చి ఆదెప్ప తప్పంటమ్మా అన్నాడు. సరే నాయనా అన్నా." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "ఒకన్ని మట్టిలో పెట్టొచ్చి పది దినాలు. రెండోవాన్ని ఊరోళ్ల నోళ్లల్లో పెట్టేదా? తమ్మున్ని సంపుకున్నోడని పేరు పడితే వాడు బతికేవాడా? నువ్వు బయటోడివి కదప్పా, తట్టుకుంటావనుకొంటి."

కొడుకేలే అని తల నిమిరిన చెయ్యే అది. ఆ చెయ్యి ఇప్పుడు పోగును చీర కొంగున ముడి వేస్తోంది. లక్ష్మీపతి అబద్ధం ఆదెప్పకు అర్థమయింది. భయపడినవాడి అబద్ధం అది. ఇది అర్థం కాలేదు. పన్నెండు ఆషాఢాలు అతడు మొక్కుతుంటే, తెలిసి తెలిసి ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"ఎండన పడి వచ్చినావు. రాప్పా, ఆకేస్తా," అంది ఆమె. "ఈ పొద్దు వసారాలో వద్దు. లోపల అందరితో కూసో."

బండిని అక్కడే ఇచ్చేసి పోవాలని వచ్చిన మనిషి దాన్ని వెనక్కి తిప్పాడు. కిక్కు కొట్టాడు. రెండు సిలిండర్లూ ఒక్క గొంతుతో అందుకున్నాయి. ఆ చప్పుడును మించి ఆమె కేకేసింది: "వచ్చే ఏడు వస్తావు కదప్పా?"

దసరా నాటికి ఆదెప్ప అంగడి కౌంటరు వదిలేశాడు. పెరట్లో కట్టెల చోటనే పని మొదలైంది. కార్బ్యురేటర్ల బండ్లు ఊళ్లో ఇంకా ఉన్నాయి. పాత చెయ్యి తిరిగి వచ్చిందని తెలిసి, అంగళ్లు ఊరి వైపు నుంచీ రామసముద్రం నుంచీ మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. శాంతకుమారి ఫ్యాన్సీ స్టోరులో ఎర్ర రంగు సీసా కొనుక్కొచ్చి, "దీన్నైనా నా గోళ్లకు మిగల్నిస్తావా?" అంది. అతడు నవ్వాడు, కానీ ఆ నవ్వు మునుపటిది కాదు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఇప్పుడు ఉలిక్కిపడుతున్నాడు.

మరుసటి ఆషాఢంలో కార్డు వచ్చింది, ఎప్పటిలాగే లక్ష్మీపతి దస్తూరీలో. అమ్మ నిన్ను తలుస్తాండాది, నువ్వూ ఈ ఇంటి బిడ్డవే, తప్పక రావలెను.

ఆదెప్ప దాన్ని రెండుసార్లు చదివాడు. ముందర ఒక బండి విప్పి ఉంది. కార్బ్యురేటరుకూ ఇంజినుకూ మధ్య వేసే ప్యాకింగు చిరిగి గాలి లాగుతోంది. కార్డును కార్బ్యురేటరు మూతి మీద పరచి, గ్రీజు వేలితో చుట్టూ నొక్కాడు. అచ్చు పడింది. కత్తెరతో అంచు కత్తిరించి, బోల్టుల చోట రెండు రంధ్రాలు పొడిచి, నడుమ గుండ్రంగా కోశాడు. "ఇంటి బిడ్డవే" అన్న ముక్క రాలి నూనె మరకల్లో పడింది. ప్యాకింగు సరిగ్గా కూర్చుంది. బోల్టులు బిగించి, సీసా మూత తీసి, కింది స్క్రూల మీద చుక్కలు పెట్టాడు.